ఇరవై ఏడో నంబరు బాగానే ఉంది

వైద్య పత్రికల్లో వచ్చే వ్యాసాలకు చివర, చిన్న అక్షరాల్లో, ధన్యవాదాలు చెప్పే చోటు ఒకటి ఉంటుంది. చదివేవాళ్ళెవరూ అక్కడిదాకా రారు. మా మేడం రాసిన వ్యాసాల్లో అన్నిటికంటే పేరొచ్చిన దాని చివర 'రికార్డుల గది సిబ్బంది' అని ఒక ముక్క ఉంది. ఆ సిబ్బంది అంటే నేనొక్కణ్ణే. ఆ గదిలో నేనూ, నాలుగు బీరువాలూ, ఒక ఫ్యానూ ఉండేవాళ్ళం. ఫ్యాను తిరిగేది కాదు కాబట్టి దాన్ని సిబ్బందిలో కలపడానికి లేదు.

తెనాలిలో ఒక స్త్రీల ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాను. ఆ మధ్య రికార్డుల పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు వచ్చి, "మీ అనుభవం ఏదైనా చెప్పండి సార్" అని అడిగారు. ఫైళ్ళకు చెద పట్టకుండా ఏం చేయాలో చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేశాను. చెప్పాల్సింది అది కాదని వాళ్ళు గేటు దాటకముందే నాకు తెలుసు. వాళ్ళకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మా మేడం కాన్పుల డాక్టరు. మనిషి పొట్టి, నడక వేగం. ఉప్మా కూడా నిలబడే తినేసేది. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, 'రికార్డు గారూ' అనేది. మొదట్లో వెటకారం అనుకున్నాను. తర్వాత్తర్వాత అదే నా పేరైపోయింది. బ్యాంకులో ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి.

ఆవిడకు ఒక విషయం మీద పట్టుదల ఉండేది. నిండు చూలాలికి బీపీ విపరీతంగా పెరిగి మూర్ఛలు వస్తాయి. మా వైపు పెద్దవాళ్ళు దాన్ని గుర్రపువాతం అంటారు. రేపల్లె లంకల నుంచీ, చెరుకుపల్లి, వేమూరు పల్లెల నుంచీ అలాంటి కేసులు చాలా వచ్చేవి. మేడం చాలామందిని బతికించింది. బతికి ఇంటికెళ్ళిన తర్వాత వాళ్ళేమవుతున్నారు అన్నది ఆవిడ ప్రశ్న. అలా ఇంటికెళ్ళిన వాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, ఒక రిజిస్టరు పెట్టి, ఏడాది పాటు మూడేసి నెలలకోసారి జవాబు కార్డు రాయమని నాకు పురమాయించింది. జవాబు కార్డంటే ఈ తరం వాళ్ళకు తెలియదు. రెండు పోస్టు కార్డులు అతికి ఉంటాయి. ఒకదాని మీద మనం అడుగుతాం, అవతలివాళ్ళు అది ఉంచుకుని రెండో దాని మీద జవాబు రాసి పోస్టులో వేస్తారు. నేను ప్రతి కార్డు మీదా నా చేత్తోనే రాసేవాణ్ణి: 'మీరు బాగున్నారా? తలనొప్పి, కళ్ళు మసకబారడం, మూర్ఛ ఏమైనా ఉన్నాయా? వెంటనే తెలియజేయగలరు.'

ఇక తప్పు సంగతి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మా ఇంట్లోనే ఏంటి, అప్పట్లో మా వైపు చాలా ఇళ్ళలో ఉండేది. శుభకార్యానికి రాసే ఉత్తరమైతే నాలుగు మూలలా పసుపు రాస్తారు. చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరమైతే గడప దాటి లోపలికి రానివ్వరు. బయటే నిలబడి చదివి, అక్కడే చింపేసి, నీళ్ళు పోసుకుని లోపలికి రావాలి. దూరపువాళ్ళయితే కాళ్ళూ చేతులూ కడుక్కుంటే సరిపోతుంది. మా నాయనమ్మ ఈ విషయంలో ఎవరి మాటా వినేది కాదు. పదేళ్ళ వయసులో ఒకసారి అలాంటి కార్డు పట్టుకుని నేను వంటింట్లోకి పరిగెత్తితే వీపు మీద పడిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు పొద్దున పదకొండు గంటల వేళ. గర్భిణుల పరీక్షల రోజు. వరండాలో రెండు బెంచీల నిండా నెలలు నిండిన వాళ్ళు కూర్చుని ఉన్నారు. పోస్టుమాన్ మెట్ల దగ్గరే నా చేతికి కార్డుల కట్ట ఇచ్చాడు. నిలబడి ఒక్కొక్కటే చూస్తున్నాను. ఒక కార్డు మీద పలకరింపు లేదు, క్షేమం లేదు. ఒకే వాక్యం ఉంది. 'మీరు అడిగిన మనిషి పోయిన బుధవారం కాలం చేసింది.'

తలెత్తి చూశాను. బెంచీ మీద వాళ్ళందరూ నా మొహమే చూస్తున్నారు. చివర కూర్చున్న ఒక పిల్ల, మొదటి చూలు కాబోలు, "ఏంటి బాబాయ్, చెడు కబురా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. మనది కాదు," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే నా చేతులు కార్డును నాలుగు ముక్కలు చేశాయి. మెట్ల పక్కన కాలవలో వేసి, కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికొచ్చి కూర్చున్నాను. రిజిస్టరు తెరిచి, కలం తీసి, అప్పుడు ఆలోచించాను. ఏ నంబరు? నంబరు కార్డుకు రెండో వైపు ఉంటుంది. నేను తిప్పి చూడలేదు. పరిగెత్తి వెళ్ళేసరికి ఆయా బకెట్లతో నీళ్ళు కొట్టి కాలవ కడిగేసింది.

మేడంతో చెబుదామని లేచాను. థియేటర్లో ఉందన్నారు. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రానికి భయం పట్టుకుంది. ఉద్యోగం పర్మనెంటు కాలేదు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అయినా జవాబు రాని గడి రిజిస్టరులో ఖాళీగా ఉంటుంది కదా, అదే బయటపడుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఆ నెల జవాబు రానివి పది పన్నెండు ఉన్నాయి. మేడం చూసి, "వీళ్ళందరికీ మళ్ళీ రాయండి రికార్డు గారూ," అంది. రాశాను.

నెల తిరక్కుండా అందరూ జవాబిచ్చారు. అందరూ బాగున్నారు.

మూడుసార్లు లెక్కపెట్టాను. గడి గడికీ వేలు పెట్టి చూశాను. ఒక్క ఖాళీ లేదు. నా చేత్తో చింపిన చావు ఒకటి ఉంది, రిజిస్టరులో మాత్రం అందరూ బతికే ఉన్నారు. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ పుస్తకం మీద పడుతుంటే, నా మెడ వెనక చల్లబడిపోయింది. వీళ్ళలో ఒకరు లేరు. లేని మనిషి కార్డు రాసింది.

మా పెద్ద నర్సమ్మకు ఒక్కదానికే చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీకొచ్చిన సొంత కార్డేమోనయ్యా! మీ చుట్టాల్లో ఎవరు పోయారో కనుక్కో. మొహం చూడు, దయ్యం పట్టినట్టుంది. ముందు టీ తాగు," అంది. టీ తాగాను. చుట్టాల్లో ఎవరూ పోలేదు.

వ్యాసం అచ్చయింది. అందులో అసలు సంగతి రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇంతే: గుర్రపువాతం నుంచి బయటపడి ఇంటికెళ్ళిన స్త్రీలందరూ ఏడాది తర్వాత ఆరోగ్యంగా ఉన్నారు, కాబట్టి ఇంటికెళ్ళాక వాళ్ళను మాటిమాటికీ బీపీ చూపించుకోవడానికి రప్పించనవసరం లేదు. లంకల్లోంచి పడవెక్కి, బస్సెక్కి, పసిబిడ్డనెత్తుకుని రావాల్సిన వాళ్ళకు అది మంచి కబురే. మేడం మంచే తలపెట్టింది. ఆ 'అందరూ' అన్న మాట నేనిచ్చిన రిజిస్టరులోంచి వచ్చింది.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఎవరైనా డాక్టరు తన వ్యాసంలో మన వ్యాసాన్ని ఆధారంగా చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారని, అవి ఎన్నొస్తే అంత గౌరవమని మేడం నాకు చెప్పింది. ప్రతి సోమవారం అవి చూసి చెప్పడం నా పనుల్లో చేరింది. "ఈ వారం ఎంతమంది, రికార్డు గారూ?" అని అడిగేది, ఓపీకి ఎంతమంది వచ్చారని అడిగినట్టు. మిగతా విషయాల్లో రాయిలాంటి మనిషి, ఆ ఒక్క ప్రశ్న దగ్గర చిన్నపిల్లయిపోయేది. ఒకటి పెరిగిందంటే ఆ రోజు ఎవరినీ తిట్టేది కాదు. నర్సులు సోమవారం పొద్దున్నే నా దగ్గరికొచ్చి, "పెరిగిందా అన్నయ్యా?" అని అడిగి, దాన్నిబట్టి సెలవు చీటీలు పెట్టుకునేవారు.

ఆ సంఖ్య పెరుగుతూ పోయింది. ఎక్కడెక్కడి దేశాలో, నోరు తిరగని ఊళ్ళు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఆ ఒక్క వాక్యం ఎక్కడున్నా గుర్తుపట్టడం నేర్చుకున్నాను. మంచు పడే దేశం వాడూ అదే రాశాడు, ఎడారి దేశం వాడూ అదే రాశాడు. ఆ స్త్రీలందరూ క్షేమం. మా కాలవలో కొట్టుకుపోయిన నాలుగు ముక్కల మనిషి, ఎన్నడూ చూడని ఊళ్ళలో, వారానికొక కొత్త చోట, ఆరోగ్యంగా తిరుగుతోంది. ఆ వాక్యం కనబడ్డప్పుడల్లా తెర ముందు నుంచి లేచి కుళాయి దగ్గరకు వెళ్ళి చేతులు కడుక్కునేవాణ్ణి. శుభ్రత ఎక్కువైందని అందరూ అనుకున్నారు.

ఏడాది అయిపోయినా మేడం కార్డులు ఆపనివ్వలేదు. సంవత్సరానికొకటి చొప్పున రాయమంది. సెల్‌ఫోన్లు వచ్చాక నేను గునిస్తే, "నంబర్లు మారతాయండీ, ఊరు మారదు," అంది. ఆ జవాబులు చదవడం నాకు నిజానికి ఇష్టంగా ఉండేది. ఒకావిడ షుగరొచ్చిందని రాసేది, ఒకావిడ కొడుకు పాలిటెక్నిక్‌లో చేరాడని రాసేది, ఇంకొకావిడ మామగారి మీద చాడీలు రాసేది. ఇరవై ఏడో నంబరు కార్డులో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. 'బాగున్నాను.' అంతే. ఆ ఏడూ అంతే, ఈ ఏడూ అంతే. అందరూ పెద్దవాళ్ళవుతున్నారు, ఆ కార్డులో మనిషికి మాత్రం వయసు పెరగడం లేదు. ఇంకొకటి కూడా ఉంది. ఆ కార్డుకు నాలుగు మూలలా పలచగా పసుపు ఉండేది.

నేను మూఢుణ్ణి కాను. కానీ ఏటా ఆ కార్డు వచ్చే రోజుల్లో కట్ట విప్పడానికి చేతులాడేవి కావు. ఆ నంబరుది తొలి కాన్పు. అందుకని అడ్రసు పుట్టింటిది ఇచ్చారు, చెరుకుపల్లి అవతల ఒక పల్లె. తెనాలి నుంచి రేపల్లె బండెక్కితే ఎంతసేపు? ఒక ఆదివారం తెగించి బయల్దేరాను. జంపని దాటేసరికి ఆ తెగింపు కాస్తా అయిపోయింది. వేమూరులో దిగి, బెంచీ మీద కూర్చుని, వెనక్కొచ్చే బండెక్కి ఇంటికొచ్చేశాను. ఎక్కడికెళ్ళారని మా ఆవిడ అడిగితే, పనిమీద అన్నాను. ఆ పని చేసి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

నేను రిటైరవడానికి ఏడాది ముందు మేడంకు ఒక ఆలోచన వచ్చింది. ఆ పాత జాబితాలో వాళ్ళందరినీ పిలిపించి, స్వయంగా పరీక్ష చేసి, ఇన్నేళ్ళ తర్వాత గుండె, బీపీ ఎలా ఉన్నాయో ఆఖరి వ్యాసం రాయాలి. సరిగ్గా అదే సమయంలో, అంత పేరొచ్చిన వ్యాసం రాసినందుకు డాక్టర్లందరూ కలిసి సూర్యలంకలో ఆవిడకు సన్మానం పెట్టుకున్నారు. మేడం మహా హుషారుగా ఉంది. నేను ఉత్తరాలు టైపు చేశాను. ఊరికే రమ్మంటే ఎవరూ రారని నా సొంత తెలివితో చివర ఒక వాక్యం కలిపాను: 'మీరు రాని పక్షంలో జాబితా నుంచి మీ పేరు తొలగించబడును.'

ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. సన్మానం ఆదివారం. అంతకుముందు శుక్రవారం నాడు ఒకావిడ ప్లాస్టిక్ కవరు పట్టుకుని నా కిటికీ దగ్గరికొచ్చింది. కవరులోంచి నలిగిపోయిన మా ఆస్పత్రి చీటీ తీసింది. ఇరవై ఏడు.

"పేరేంటమ్మా?" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆగి చెప్పింది. చీటీ మీద ఉన్న పేరే.

పిల్లలూ, ఆ క్షణంలో నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయింది. బతికే ఉంది! నేను చింపింది ఇంకెవరిదో, ఏదో పొరపాటున వచ్చిన కార్డు. నా కుర్చీ తెచ్చి ఆవిడకు వేశాను. టీ తెప్పించాను. బిస్కెట్లు కూడా తెప్పించాను. ఆవిడ వాటిని ముట్టుకోకుండా నేల చూపులు చూస్తూ కూర్చుంది. పల్లెటూరి మొహమాటం అనుకున్నాను.

మేడం లోపలికి పిలిపించింది. పది నిమిషాలు గడిచాయి. తలుపు తెరుచుకుంది. మేడం వచ్చి నా కిటికీ ముందు నిలబడింది. అంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇరవై ఏడు కేసు షీటు తీయండి."

తీశాను. రెండో పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది. పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీసినట్టు రాసి ఉంది.

"ఈ చేతిరాత నాది. ఆ పొట్ట కోసింది నేను. మూర్ఛలో ఉన్న మనిషికి, నిలువు కోత." ఆవిడ గొంతు తగ్గించింది. "లోపల పడుకున్న మనిషి పొట్ట మీద కుట్టు లేదండీ. గీత కూడా లేదు."

వరండాలో ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపు మాత్రం బాగా గుర్తుంది.

ఇద్దరం లోపలికెళ్ళాం. ఆవిడ లేచి కూర్చుని చీర సర్దుకుంటోంది. మేడం స్టూలు మీద కూర్చుని, ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా అడిగింది. "నువ్వెవరమ్మా?"

ఆవిడ ఏడవలేదు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని తెలిసిన మనిషిలా చెప్పింది. "చెల్లెల్నండి."

"మరి అక్క?"

"అక్క పోయిందండి. ఇక్కణ్ణుంచి ఇంటికొచ్చిన మూడో నెల్లోనే. తలనొప్పంది, పడుకుంది. మధ్యాన్నం అన్నానికి లేపితే లేవలేదండి. పాప ఒళ్ళోనే ఉంది. పాపని నేనే పెంచానండి." ఆగి, నా వైపు చూసింది. "మేం రాశామండి. మా నాన్న రాశాడు, కాలం చేసిందని. రాశాక మళ్ళీ కార్డొచ్చింది, మీరు బాగున్నారా అని."

ఆ రెండో కార్డు రాసింది నేనే.

"ఆ కార్డు చూసి మా నాన్న తిట్టాడండి. మా అమ్మ మాత్రం దాన్ని చేతిలో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. చచ్చిపోయిందని చెప్పినా అడుగుతున్నారంటే, ఆస్పత్రి పుస్తకంలో అది చావలేదే అంది. అక్కడన్నా ఉండనీ, బాగున్నానని రాయవే అంది. నేను తొమ్మిదో తరగతండి అప్పుడు. రాశాను. ప్రతి ఏడూ అమ్మ స్నానం చేసి, కార్డుకి పసుపు రాసి, నా చేత రాయించేదండి. ఈసారి రాకపోతే పేరు కొట్టేస్తామని రాశారు కదండి. రెండు రోజులు అన్నం తినలేదు. నువ్వెళ్ళి అక్కనని చెప్పు, పేరు కొట్టేస్తారంట అని పంపించిందండి. తప్పేనండి. పోలీసు కేసవుతుందాండి?"

మేడం ఆవిడ చేయి పట్టుకుని, "ఏం కాదమ్మా," అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "వాళ్ళు రాసిన కార్డు ఏమైంది?"

చెప్పాను. ఆ చెల్లెలి ముందే చెప్పాను. మెట్లు, బెంచీ, కాలవ, కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోవడం, అంతా. 'మనది కాదు' అన్న మాట కూడా దాచలేదు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. దాచడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ చెల్లెలు అంతా విని, "పద్ధతే కదండీ, చింపాలి కదా," అంది. అది నిష్ఠూరం కాదు. ఆవిడ నిజంగానే అలా అనుకుంది. నిష్ఠూరమాడి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

ఆవిడ వెళ్ళాక మేడం వచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చుంది. తర్వాత అంది, "మీరు చింపారు. సరే. నేనేం చేశాను? రేపల్లె ఎంత దూరమని? ఒక్కసారి వెళ్ళి బీపీ చూసొచ్చానా? ముక్క అట్ట మీద ఒక్క మాట చూసి మనిషి బతికుందని అచ్చేయించాను. ఆ అట్ట నమ్మి ఎంతమంది డాక్టర్లు ఎంతమందిని ఇంటికి పంపేసి ఊరుకున్నారో." కంప్యూటర్ తెర మీద ఆ సంఖ్య కనబడుతూనే ఉంది. "ఇందులో ప్రతి ఒక్కటీ ఒక ఆస్పత్రండీ, రికార్డు గారూ."

ఆదివారం సన్మానం మానేస్తుందనుకున్నాను. లేదా వెళ్ళి, నవ్వి, శాలువా కప్పించుకుని వస్తుందనుకున్నాను. రెండూ జరగలేదు. సూర్యలంకలో సముద్రానికెదురుగా షామియానా వేశారు. శాలువా పట్టుకుని ఒక పెద్దాయన లేచేసరికి మేడం చేయి అడ్డం పెట్టి మైకు తీసుకుంది. "నా వ్యాసంలో అందరూ బతికారని రాశాను. ఒకమ్మాయి చనిపోయింది. ఇంటికెళ్ళాక, బీపీ చూసే దిక్కులేక చనిపోయింది. అలాంటివాళ్ళని ఇంటికి పంపాక వదిలేయకండి. ఆ మాట నేను తప్పు చెప్పాను," అంది. అంతే. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వెనక వరసలో కూర్చున్న నాకు ఆ శాలువా ఎవరు మడతపెడతారా అన్న వెధవ ఆలోచన వచ్చింది. తర్వాత నెల రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆవిడది తప్పని నేను అనను.

పత్రికకు సవరణ రాసి పంపింది. వాళ్ళు ప్రశ్నలడగడం, ఈవిడ జవాబులివ్వడం, అలా నెలలు పట్టింది. చివరికి అచ్చయింది. అర పేజీ. ఇరవై ఏడో నంబరు ఏడాది లోపే మరణించిందని, ఇంటికెళ్ళాక కూడా బీపీ చూస్తూనే ఉండాలని. ఇప్పటికీ అప్పుడప్పుడు బాపట్లలో మా మనవరాలి ఫోన్లో ఆ పాత వ్యాసం తెరిచి చూస్తుంటాను. సంఖ్య ఇంకా పెరుగుతూనే ఉంది. సవరణను చదివి ఎత్తి చూపినవాళ్ళు కొద్దిమంది. మిగతా చోట్లన్నీ అందరూ బాగానే ఉన్నారు.

సవరణ అచ్చయిన వారం, నా రిటైర్మెంటుకు పది రోజుల ముందు, మేడం నా గదిలోకి వచ్చి ఆ కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది వాళ్ళకివ్వాలి. పోస్టులో కాదు," అంది. ఇద్దరం రేపల్లె బండెక్కాం. వేమూరు వచ్చినప్పుడు నేను కూర్చున్న బెంచీ కిటికీలోంచి కనబడింది. రేపల్లెలో దిగి, ఆటో మాట్లాడుకుని, వరిచేల మధ్య నుంచి ఆ ఊరు చేరాం.

తల్లికి డెబ్బై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. మమ్మల్ని చూసి చాప పరిచింది. మజ్జిగ తేవడానికి చెల్లెలు లోపలికెళ్ళింది. తల్లి ఒక రేకు పెట్టె తెచ్చి మా ముందు మూత తీసింది. నిండా కార్డులు. జవాబు రాసి పంపగా మిగిలిన సగాలు. ఏడాది వరసలో పేర్చి ఉన్నాయి. పైదాన్ని తీసి నా చేతిలో పెట్టింది. నా చేతిరాత. మీరు బాగున్నారా? దాని కింద ఇంకొకటి. మీరు బాగున్నారా? పెట్టె అడుగుదాకా అదే ప్రశ్న, నా చేత్తోనే, చచ్చిపోయిన పిల్లను అడుగుతూ ఉంది. అడుగున ఉన్నవాటి సిరా ఎర్రబడింది. చేతులు కడుక్కోవాలనిపించింది. కడుక్కోలేదు.

"ఈ అక్షరాలు నీయ్యేనా బాబూ?" అంది తల్లి.

"నావేనమ్మా."

"ఏడాదికోసారన్నా దాన్ని అడిగినోడివి నువ్వొక్కడివే. ఊళ్ళో అందరూ మర్చిపోయారు." అని, మేడం వైపు తిరిగింది. "పేరు కొట్టేశారా అమ్మా?"

"లేదమ్మా," అంది మేడం. "పేరు తీయలేదు. పక్కన చనిపోయిందని రాశాం. ముందే రాయాల్సింది." కాగితం బయటికి తీసింది.

తల్లి కాగితాన్ని చూసింది. ఏం కాగితమో చెప్పకుండానే అర్థమైంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. "ఇక్కడ కాదు. బయటికి రండి. అట్టాంటిది లోపల చదవకూడదు," అంది.

వాకిట్లోకి వచ్చాం. ఎండ నిలువుగా ఉంది. నన్నే చదవమంది. ఇంగ్లీషు ముక్కలు ఒక్కొక్కటే తెలుగు చేసి చదివాను. నంబరు దగ్గర ఆగాను. ఆవిడ తలూపింది. మరణించింది అన్న మాట మాత్రం రెండోసారి చదవాల్సి వచ్చింది. ఆవిడ నిలబడే విన్నది. అయిపోయాక చేయి చాపింది. ఇచ్చాను. నాలుగు ముక్కలు చేసి, ఇంటి ముందు పంటకాలవలో వేసింది. ముక్కలు కాసేపు అక్కడే తిరిగి, నీటితో కలిసి వెళ్ళిపోయాయి.

ఆవిడ నూతి దగ్గరికెళ్ళింది. చెల్లెలు చేద లాగుతుంటే, కట్టుకున్న చీరతోనే తల మీద నీళ్ళు పోసుకుంది. ఒకటి, రెండు, మూడు చెంబులు. అప్పుడు ఏడ్చింది. పెద్దగా, ఊరు వినేలా, నిన్న పోయిన మనిషికి ఏడ్చినట్టు ఏడ్చింది. మేడం నా పక్కన నిలబడి తనూ ఏడుస్తోంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదు, చూడకూడదనుకున్నాను.

కాసేపటికి ఏడుపు ఆగింది. తడిచీర నీళ్ళు కారుతుండగా తల్లి నా దగ్గరకొచ్చి, చెంబు నా చేతికిచ్చింది.

"నువ్వూ పోసుకో నాయనా," అంది. "అప్పుడు కాళ్ళూ చేతులే కడుక్కున్నావంట గదా."